గిలక్కాయ మోగినా తిరగని తల

ఏటికొప్పాకలో గిలక్కాయ చేయడం చూడాలంటే ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. బాగా ఆరిన అంకుడు కర్ర ముక్కని లేత్‌కి బిగిస్తారు. కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనిస్తారు. తెల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలి పనివాడి ఒళ్ళో పడుతుంది. ఆకారం తేలాక, రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తితే నిగనిగలాడుతుంది. ఆ పసుపు రంగు వంటింటి పసుపుదే, నారింజ జాఫ్రా గింజలది, నీలం నీలిమందుది. పళ్ళొస్తున్న పసిగుంట నోట్లో పెట్టుకుని కొరికినా భయం లేదు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి బొమ్మలే చిరునామా. రసాయన రంగులు వచ్చి మూలపడ్డ ఆకు, గింజ, వేరు రంగుల్ని మళ్ళీ లక్కలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన ఆంధ్రప్రదేశ్ పంపిన శకటం ఏటికొప్పాక బొమ్మలదే, దానికి మూడో బహుమతి కూడా వచ్చింది. ఇదంతా పత్రికల్లో చదివిన సంగతే. ఈ వారం చెప్పుకోబోయేది ఆ గిలక్కాయ చేసే ఇంకో పని గురించి.

తెలుగిళ్ళల్లో పసిబిడ్డ చెవికి మొదటి పరీక్ష గిలక్కాయే. ఎవరూ దాన్ని పరీక్ష అనుకుని చేయరు. అమ్మమ్మ ఆడిస్తుంది, బిడ్డ తల తిప్పుతుంది, ఇల్లంతా మురిసిపోతుంది. తల తిప్పకపోతే? అప్పుడూ ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే గిలక్కాయ చాలాసార్లు అబద్ధం చెబుతుంది. ఎర్రటి, పచ్చటి బొమ్మ కళ్ళ ముందు ఊగుతుంటే వినబడని బిడ్డ కూడా చూసి నవ్వుతుంది. చెయ్యి కదిలిన నీడకి తిరుగుతుంది. తలుపు దబ్బున పడితే నేల అదురుకి ఉలిక్కిపడుతుంది. పైగా, పుట్టుకతో వినికిడి లేని పిల్లలు కూడా మొదటి నెలల్లో అందరిలాగే ఊఁ కొడతారు, ఉంగా ఉంగా అంటారు. ఆ ఊసులు ఆరేడు నెలల తర్వాత మెల్లగా సన్నగిల్లిపోతాయి. ఆ సన్నగిల్లడాన్ని గమనించే తీరిక ఏ ఇంట్లో ఉంటుంది?

వెనక నుంచి, బిడ్డకి కనబడకుండా, నీడ పడకుండా ఆడించి చూడాలి. అది కూడా అనుమానం కలగడానికే పనికొస్తుంది, తేల్చుకోవడానికి కాదు.

వస పోశారా?

ఈ ప్రాంతంలో మాట రాని పిల్లవాడి గురించి ఏ అరుగు మీద కదిపినా ఒకే వరసలో జవాబులొస్తాయి. "వస పోశారా?" అన్నది మొదటిది. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తే మాట వస్తుందని మన నమ్మకం. తర్వాతది నాలుక కింద తీగ. దాన్ని కోయిస్తే పలుకుతాడని ఒకరు. ఫలానా గుడికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించమని ఇంకొకరు. అన్నిటికంటే బలమైన మాట అత్తగారిది: "ఎందుకే అంత కంగారు? ఆడి బాబూ ఇంతే. నాలుగేళ్ళకి గానీ మాటాడలేదు. ఇప్పుడు సూడు, నోరు మూయమన్నా మూయడు."

ఈ మాటల్లో దుర్మార్గం లేదు, ప్రేమే ఉంది. కానీ ఆ ప్రేమ రెండేళ్ళు తినేస్తుంది. వినికిడి విషయంలో రెండేళ్ళంటే చాలా ఎక్కువ.

ఎందుకో చెప్పాలి. చెవి చేసేది శబ్దాన్ని అందించడం వరకే, అర్థం చేసుకునేది మెదడు. పుట్టినప్పటి నుంచీ మాట తగులుతుంటేనే మెదడులో వినే భాగం ఆ పనికి అలవాటు పడుతుంది. ఎవరూ వాడకపోతే ఆ చోటుని చూపు లాంటి వేరే పనులు ఆక్రమించుకుంటాయి. కొలరాడో విశ్వవిద్యాలయంలో అను శర్మ చేసిన పరిశోధనలు ఈ గడువుని మూడున్నరేళ్ళ దగ్గర గుర్తించాయి. ఆలోగా శబ్దం అందిన పిల్లల మెదడు వినేవాళ్ళ మెదడులాగే స్పందిస్తుంది. ఏడేళ్ళు దాటాక అమర్చిన వినికిడి యంత్రం శబ్దాన్ని చేరవేస్తుంది గానీ, దాన్ని మాటగా అల్లుకోవడం చాలామందికి కష్టమవుతుంది. అందుకే పిల్లల చెవి వైద్యంలో ఒక లెక్క స్థిరపడింది: నెల లోపు పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లోపు యంత్రమో శిక్షణో మొదలు.

మన దగ్గర ఆరు నెలలకి అన్నప్రాశన అవుతుంది. వినికిడి సంగతి బడిలో వేసే నాటికి బయటపడుతుంది.

ఎవరి పాపమూ కాదు

పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి తీవ్రమైన వినికిడి లోపం ఉంటుందన్నది ప్రపంచమంతటా వాడే అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైమాటే. ఇలాంటి పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా పుట్టేది బాగా వినబడే తల్లిదండ్రులకే. అంటే ఆ ఇంట్లో ఎవరికీ ఇది ముందు తెలిసిన దారి కాదు. అమ్మానాన్నలు మాట్లాడే భాష బిడ్డకి వినబడదు, బిడ్డకి పనికొచ్చే భాష అమ్మానాన్నలకి రాదు.

కారణాలు చాలా ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, పచ్చకామెర్లు ముదరడం, మెదడువాపు, కొన్ని రకాల యాంటీబయాటిక్ సూదులు, గర్భంలో ఉండగా తల్లికి వచ్చిన రుబెల్లా. ఈ చివరిదానికి టీకా ఉంది. మన రాష్ట్రంలో 2017 నుంచి తట్టుతో కలిపి ఇస్తున్నారు. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో అరవై శాతం దాకా నివారించదగ్గదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

ఇక జన్యువుల సంగతి. తల్లిలోనూ తండ్రిలోనూ ఒకే లోపమున్న జన్యువు చెరొకటి దాగి ఉంటే, ఇద్దరికీ చెవులు శుభ్రంగా పనిచేస్తూనే ఉన్నా, ప్రతి కాన్పులోనూ బిడ్డకి వినికిడి లేకపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఆ కలయికకి వీలు ఎక్కువ. మేనరికాలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మేనమామని చేసుకున్న అమ్మాయిని ఇప్పుడు నిలదీసి లాభం లేదు, ఆ పెళ్ళి నిర్ణయం చాలాసార్లు ఆమెది కూడా కాదు. కానీ నింద మాత్రం ఆమెకే వస్తుంది. గ్రహణంలో బయటికొచ్చిందనీ, ఏదో తిన్నదనీ. తండ్రి కూడా ఆసుపత్రికి వెంట వచ్చి, డాక్టరు నోట ఈ నాలుగింట ఒక వంతు లెక్క స్వయంగా వింటే ఆ ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

గుంజకి ఉంగరాలు

పరీక్షలు భయపెట్టేవి కావు. మొదటిది ఓఏఈ. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న మెత్తటి మొన పెట్టి సన్నటి శబ్దం పంపిస్తారు. లోపలి చెవి బాగుంటే అది తిరిగి ఒక ప్రతిధ్వని పంపుతుంది, మిషను దాన్ని పట్టుకుంటుంది. కొద్ది నిమిషాల పని. అందులో తేడా వస్తే బెరా చేస్తారు. తలకి చిన్న తీగలు అంటించి, శబ్దం వెళ్ళినప్పుడు వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో గీతల్లో చూస్తారు. బిడ్డ ఏమీ చేయనక్కర్లేదు, నిద్రపోతే చాలు.

మూడేళ్ళు దాటిన పిల్లలకి చేసే పరీక్ష మాత్రం చూడ్డానికి బాగుంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పిల్లని కూర్చోబెట్టి, ముందు ఒక గుంజ బొమ్మ పెడతారు. పెద్దా చిన్నా ఉంగరాలు వరసగా తొడిగే బొమ్మ. ఏటికొప్పాకలో ప్రతి కొట్టులోనూ దొరుకుతుంది. చెవికి పెట్టిన హెడ్‌ఫోన్‌లో శబ్దం వినబడ్డప్పుడల్లా ఒక ఉంగరం తొడగాలి, అదే ఆట. మొదట గట్టి శబ్దంతో ఆట నేర్పి, తర్వాత మెల్లమెల్లగా తగ్గిస్తూ పోతారు. పిల్ల ఉంగరం బుగ్గకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, కళ్ళు ఒక మూలకి తిప్పి వింటుంది. ఏ మెట్టు దగ్గర చెయ్యి కదలడం ఆగిపోయిందో అక్కడ కాగితం మీద ఒక చుక్క పడుతుంది. అలాంటి చుక్కలు కలిపిన గీతే ఆడియోగ్రామ్. ఎంత వినబడుతోంది, ఏ స్వరం దగ్గర పోతోంది అన్నది ఆ గీత చెబుతుంది. తల్లిదండ్రులు ఆ కాగితాన్ని చదవడం నేర్చుకోవాలి. రేషన్ కార్డు దాచినంత భద్రంగా దాచాలి కూడా.

ఈ ఊరి నుంచి విశాఖ అరవై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చే వైద్య బృందాలు చూడాల్సిన వాటిలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపం కూడా ఉంది. అనుమానం వస్తే డీఈఐసీ అనే జిల్లా ముందస్తు చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడికి వెళ్ళడానికి డబ్బు కంటే పెద్ద అడ్డంకి రోజు కూలి. లేత్ మీద కూర్చునేవాడు ఒకరోజు లేవకపోతే ఆ రోజు బొమ్మ లేదు, ఆ రోజు డబ్బు లేదు. ఒక్క పరీక్షకి మూడుసార్లు తిప్పితే నాలుగోసారికి ఎవరూ రారు. ఇందులో తప్పు తల్లిదండ్రులదని అనడానికి నాకు నోరు రావడం లేదు.

చెవి వెనక అయస్కాంతం

మామూలు హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచి చెవిలోకి పంపుతుంది. లోపలి చెవిలో కాస్తో కూస్తో శక్తి మిగిలి ఉంటే దాంతో సరిపోతుంది, నెలల పిల్లలకి కూడా పెట్టొచ్చు. పిల్లల చెవి పెరుగుతూ ఉంటుంది కాబట్టి లోపల పెట్టే అచ్చుని కొన్ని నెలలకోసారి మార్పించాలి. లేకపోతే కూ అని కూత పెడుతుంది, బిడ్డ పీకి పారేస్తుంది, "మావాడికి మిషను పడలేదండీ" అని బీరువాలో పెట్టేస్తారు. పడకపోవడం కాదు, అచ్చు వదులైపోయింది.

ఆ మిగులు శక్తి కూడా లేని పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగంలోకి సన్నటి తీగని పంపి, నరాన్ని నేరుగా తట్టే ఏర్పాటు. ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్ తండ్రికి వినికిడి తక్కువ. తన మందుల షాపులో కొనేవాళ్ళు చెప్పేది వినబడక ఆయన పడే అవస్థ చూస్తూ పెరిగాడు క్లార్క్. మెలిక తిరిగిన గుల్లలోకి తీగ విరక్కుండా ఎలా పంపాలో తోచక, 1977లో సముద్రపు ఒడ్డున దొరికిన ఒక గవ్వలోకి గడ్డిపరకలు దూర్చి చూశాడట. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉన్న పరక లోపలిదాకా వెళ్ళింది. మరుసటి ఏడాది మొదటి రోగికి అమర్చాడు.

మన దగ్గర ఈ ఆపరేషన్‌కి ఆరేడు లక్షలవుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్య పథకం చిన్నపిల్లలకి దీన్ని ఉచితం చేసింది. ఆ పథకం పేర్లు మారుతూ వచ్చినా ఈ చికిత్స అందులో కొనసాగుతోంది, ఆపరేషన్ తర్వాతి మాటల శిక్షణ ఖర్చుతో సహా. దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద కూడా అయిదేళ్ళ లోపు పిల్లలకి ఇస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఈ ఒక్క విషయంలో వెనక్కి పోలేదు, అది చెప్పుకోవాలి.

అయితే ఆపరేషన్ రోజు ఏమీ వినబడదు. గాయం మానాక, రెండు మూడు వారాలకి, చెవి వెనక పెట్టుకునే బయటి యంత్రాన్ని అయస్కాంతంతో తలకి అంటించి ఆన్ చేస్తారు. సినిమాల్లోలాగా బిడ్డ అమ్మ వైపు తిరిగి నవ్వుతుందనుకుని వెళితే నిరాశే. చాలామంది పిల్లలు బెదిరి ఏడుస్తారు. శబ్దమంటే ఏమిటో ఎరగని తలలోకి ఒక్కసారిగా ఏదో వచ్చి పడింది మరి. అది అమ్మ గొంతని, అది ఫ్యానని, అది వర్షమని విడదీసుకోవడానికి నెలలు పడుతుంది.

ఆ నెలల్లో పని ఆసుపత్రిది తక్కువ, ఇంటిది ఎక్కువ. వారానికి ఒక గంట శిక్షకురాలి దగ్గర, మిగతాదంతా వంటింట్లో. లక్కపిడతలు ఉన్నాయి కదా, కుండ, పొయ్యి, రోలు, తిరగలి, అన్నీ వేలెడంత. శిక్షణకి వాటిని మించిన సామాను లేదు. తల్లి బిడ్డకి ఎదురుగా కాదు, యంత్రం ఉన్న చెవి పక్కన కూర్చోవాలి, పెదాలు చూసి కాకుండా విని గ్రహించడానికి. కుండ వెనక్కి దాచి, ముందు మాట, తర్వాత వస్తువు. "అన్నం వండుదామా? కుండ ఏదీ? కుండ ఏదమ్మా?" అని ఆగాలి. ఆ ఆగడమే ఈ విద్యలో కష్టమైన భాగం. మనకి ఆగడం రాదు. బిడ్డ పలికేలోపే మనమే చెప్పేస్తాం. నీళ్ళు పోసేటప్పుడు 'ష్‌', పాము బొమ్మకి 'స్‌', రైలుకి 'ఊ', తింటున్నప్పుడు 'మ్‌'. వీటికి 'ఆ', 'ఈ' కలిపితే ఆరు ధ్వనులు. మాటల్లోని సన్నటి స్వరం నుంచి బొంగురు స్వరం దాకా అన్నీ వీటిలో వచ్చేస్తాయి. రోజూ పొద్దున్నే యంత్రం పెట్టగానే ఈ ఆరూ వినబడుతున్నాయో లేదో చూడాలి. ఏదో ఒకటి వినబడకపోతే బ్యాటరీయో తీగో పోయి ఉండొచ్చు.

ఇంగ్లీషులో మాట్లాడాలా అని అడిగే తల్లులుంటారు, రేపు బడిలో అదే కదా అని. అక్కర్లేదు. అమ్మ ఏ యాసలో కూర పేరు చెబుతుందో, ఏ యాసలో తిడుతుందో, బిడ్డకి ముందు అందాల్సింది ఆ తెలుగే.

ఖర్చు అక్కడితో ఆగదు. కేబుల్ తెగుతుంది, వారంటీ అయిపోతుంది, మన సముద్రపు గాలిలోని చెమ్మ యంత్రాన్ని తినేస్తుంది. రాత్రిళ్ళు దాన్ని చెమ్మ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. ఆపరేషన్ ఉచితమై, తర్వాత కేబుల్ కొనలేక యంత్రం మూలపడితే ప్రభుత్వం పెట్టిన లక్షలూ బిడ్డ పడ్డ నొప్పీ వృథా. ఈ మరమ్మతుల ఖర్చుని కూడా పథకంలోనే కలపాలి. ఇంత చేసినవాళ్ళు అది చేయలేరా?

చేతులతో మాట్లాడితే పోయేదేమీ లేదు

ఇంప్లాంట్ అందరికీ కుదరదు. వయసు దాటినవాళ్ళు, నరమే లేనివాళ్ళు, ఆపరేషన్ అయినా మాట అంతగా రానివాళ్ళు ఉంటారు. వాళ్ళ సంగతేమిటి? ఇక్కడ ఒక పాత భయం అడ్డమొస్తుంది: సైగలు నేర్పితే నోటి మాట రాదని. ఆ భయానికి బలమిచ్చింది 1880లో మిలాన్‌లో జరిగిన సభ. బధిరుల బడుల్లో సైగలు మానేసి నోటి మాటే నేర్పాలని అక్కడ తీర్మానించారు. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కడే. ఆ తీర్మానం మంచిది కాదని ఆ సభల వారసులే 2010లో వాంకూవర్‌లో ఒప్పుకున్నారు. మధ్యలో నూట ముప్పై ఏళ్ళు పిల్లల చేతులు కట్టేసినట్టే గడిచాయి.

సైగల భాష మాటని అడ్డుకోదు. ముందు ఏదో ఒక భాష గట్టిగా అందిన బిడ్డకి రెండోది తేలిగ్గా వస్తుంది. అసలు ప్రమాదం ఏ భాషా అందకపోవడం. అయిదేళ్ళు వచ్చినా 'నిన్న', 'ఎందుకు', 'ఒకవేళ' అన్న ఊహలే లేకుండా, అన్నం, నీళ్ళు, బయటికి అన్న మూడు సైగలతో పెరగడం. ఆ లోటు బుద్ధిమాంద్యంలా కనిపిస్తుంది, కానీ అది భాష లేమి.

అమెరికాలో మసాచుసెట్స్ తీరానికి ఆవల మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవి ఉంది. అక్కడ వంశపారంపర్యంగా బధిరులు ఎక్కువగా పుట్టేవారు. చిల్‌మార్క్ అనే ఊళ్ళో ఒకప్పుడు ప్రతి పాతిక మందిలో ఒకరు. దాంతో వినబడేవాళ్ళు కూడా సైగలు నేర్చుకున్నారు. కొట్టు దగ్గరా, పడవ మీదా, చర్చిలోనూ అందరిదీ అదే భాష. నోరా గ్రోస్ అనే పరిశోధకురాలు అక్కడి ఒక ముసలావిడని ఫలానా ఇద్దరి గురించి అడిగితే, మంచి చేపల వేటగాళ్ళని చెప్పిందట. వాళ్ళకి వినబడదు కదా అని గుర్తుచేస్తే, అవును, ఆ సంగతీ ఉంది కదూ అన్నదట. 1985లో గ్రోస్ పుస్తకం వచ్చింది.

ఏటికొప్పాక అంత పెద్దదేమీ కాదు. ఒక వీధిలో పది మంది నేర్చుకుంటే ఆ వీధి పిల్లవాడికి ఊరు ఉన్నట్టే. నేర్చుకోవడానికి ఇప్పుడు దారులున్నాయి. ఢిల్లీలో 2015లో ఏర్పడిన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పది వేల పదాల నిఘంటువుని వీడియోల్లో తెచ్చింది, ఫోన్లో ఉచితంగా చూడొచ్చు. 2024 డిసెంబరు నుంచి టీవీలో పాఠాలు చెప్పే పీఎం ఈ-విద్యలో 31వ నంబరు చానల్ పూర్తిగా సైగల భాషదే. బడిలో టీవీ ఉంటే చాలు, రోజుకి పావుగంట పిల్లలందరికీ చూపించొచ్చు. పిల్లలకి ఇది పాఠం కాదు, రహస్య భాష. పరీక్ష హాల్లో మాట్లాడుకోవడానికైనా నేర్చేసుకుంటారు.

"ఏదో చేతిపని నేర్పించండి"

ఈ మాట కూడా చాలా వినబడుతుంది. బొమ్మల ఊళ్ళో మరీ. "వాడికి చదువెందుకండీ, లేత్ మీద కూర్చోబెడితే బతికేస్తాడు." చూడ్డానికి సబబుగానే ఉంటుంది. పని కళ్ళతో చూసి చేతులతో నేర్చుకునేది, చెవితో అవసరం లేదు. బధిరులకి చేతిపని బాగా వస్తుందని ఊరికే అనడం కూడా ఉంది.

నేనిది ఒప్పుకోను. వినబడే పిల్లవాడు లేత్ మీద కూర్చుంటే అది వాడి ఇష్టం, కులవృత్తి, కళ. వినబడని పిల్లవాణ్ణి కూర్చోబెడితే అది వాడికి మనం వేసిన హద్దు. పదో తరగతి చదివి, డిజైన్ నేర్చుకుని, ఆర్డర్లు తనే వాట్సాప్‌లో మాట్లాడుకుంటూ లేత్ మీదికి వస్తే రానీ, స్వాగతం. లెక్క రాక, సంతకం రాక, కూలి ఎంతో కూడా ఇంకొకరు చెబితే తప్ప తెలియక కూర్చుంటే అది బతుకు గడవడమే.

చట్టం వాళ్ళ పక్షానే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉచిత చదువు, ఉన్నత విద్యలో అయిదు శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో వినికిడి లోపం ఉన్నవాళ్ళకి ఒక శాతం. బాపట్లలో బధిరుల కోసం ప్రభుత్వ జూనియర్ కళాశాల ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష భవిత కేంద్రాలున్నాయి. సదరం అనే వైకల్య సర్టిఫికెట్ మీద వచ్చే పింఛను 2024 జులై నుంచి నెలకి ఆరు వేలయింది. ఇక్కడ ఒక్క మాట. సర్టిఫికెట్ చేయించడానికి తిరిగినన్నిసార్లు మాటల శిక్షణకి తిరగని కుటుంబాలున్నాయి. పింఛను నెలనెలా కనిపిస్తుంది, భాష కనిపించదు. వాళ్ళని తప్పు పట్టను. ఆ ఆరు వేలలో నుంచి బస్సు ఛార్జీలకి కాస్త తీయమనే అడుగుతున్నా.

పైకొచ్చినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతోనే వినికిడి లేనివాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం కొట్టాడు, 2025లో టోక్యోలో మళ్ళీ కొట్టాడు. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రిన్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో 2017లో ఒకసారి, 2022లో ఇంకోసారి అదే పోటీల్లో కంచు పతకాలు తెచ్చింది. ఇంకో సంగతి ఆటలది కాదు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 2023 సెప్టెంబరులో బెంగళూరు న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టులో కేసు వాదించారు. ఆమెకి వినబడదు. సైగల దుబాసీ సాయం చేశారు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ అనుమతిచ్చారు. ఈ దేశంలో మాటతోనే బతికే వృత్తి ఏదైనా ఉందంటే అది వకీలుదే. ఆ వృత్తిలో నిలబడింది ఆ అమ్మాయి.

పతకాలు అందరికీ రావు, రానక్కర్లేదు. ఎలమంచిలి బస్టాండులో టికెట్ తనే అడిగి తీసుకుని, బ్యాంకు ఫారం తనే నింపుకుని, పెళ్ళిలో చుట్టాలతో తగువు కూడా తనే పెట్టుకోగల మనిషి అయితే ఆ తల్లిదండ్రులు గెలిచినట్టే.

ఇప్పుడు జిల్లా యంత్రాంగానికి ఒక విన్నపం. కేరళలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డలకి ఇంటికి పంపేలోపే వినికిడి పరీక్ష చేస్తున్నారు. మన దగ్గర కూడా కాన్పులు జరిగే ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఓఏఈ మిషను ఒకటి, దాన్ని నడిపే మనిషి ఒకరు ఉండాలి. టీకాల కార్డులో బీసీజీ గడి పక్కనే చెవి పరీక్షకి ఒక గడి వేయాలి. గడి ఉంటే ఏఎన్ఎం అడుగుతుంది, అడిగితే తల్లి వెళుతుంది.

ఇక పాఠకులకి. మీ వీధిలో ఏడాది నిండిన బిడ్డ వెనక నుంచి పేరు పెట్టి పిలిచినా తిరగడం లేదని అనిపిస్తే, మొహమాటపడకుండా వాళ్ళమ్మకి ఈ వారమే చెప్పండి. ఇంకో ఏడాది చూద్దామనకండి. ప్రభుత్వాసుపత్రిలో ఈ పరీక్షకి డబ్బు కట్టక్కర్లేదు.